కడలిలో కాపురము – ఒడ్డున పురుడు

బెల్లపు వర్తకమునకు పేరుగాంచిన అనకాపల్లికి దక్షిణముగా, సముద్రతీరమున పూడిమడక మొదలైన మత్స్యకార గ్రామములు కలవు. ఈ తీరము 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోనిది. ప్రతి సంవత్సరము జనవరి మొదలు ఏప్రిల్ వఱకు, రాత్రివేళల ఈ ప్రాంతపు ఇసుకపైకి ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు వచ్చుచుండును. ఆడుతాబేలు తెడ్లవంటి కాళ్లతో మెల్లగా ప్రాకి, అడుగున్నర లోతు గొయ్యి త్రవ్వి, నూఱుకు అటునిటుగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి కడలి చేరును. నీటిలో సుఖముగా సంచరించు ప్రాణి ఇంత శ్రమపడి నేలకు రానేల? దీనికి సమాధానము దాని పూర్వచరిత్రలో కలదు.

తాబేళ్ల పూర్వికులు నేలపై తిరిగిన సరీసృపములు. చైనా దేశమున దొరకిన ఒక తాబేటి శిలాజమును 2008లో శాస్త్రజ్ఞులు వర్ణించిరి. అది సుమారు 22 కోట్ల ఏండ్లనాటిది. దానికి పొట్టక్రింది డిప్ప పూర్తిగా ఏర్పడినది. వీపుమీది డిప్ప ఇంకను పూర్తి కాలేదు. నేటి తాబేళ్లకు లేని పండ్లు దానికి ఉండెను. బ్రెజిల్ దేశమున దొరకి, 1998లో వర్ణింపబడిన మఱొక శిలాజము సుమారు 11 కోట్ల ఏండ్లనాటి సముద్రపు తాబేలుది. దాని కాలివ్రేళ్లు పూర్తిగా తెడ్లుగా మారలేదు. కాని ఒంటిలోని ఉప్పును వెలికి పంపు గ్రంథులు అప్పటికే పెద్దవై యుండెను. అనగా తాబేలు శరీరము ఒక్కమాఱుగా కాక, అంచెలంచెలుగా కడలికి అలవడినదన్నమాట.

ఇట్టి మార్పులు జంతువు కోరి తెచ్చుకొన్నవి కావు. ఒకే తల్లి పిల్లలలో స్వల్పభేదము లుండును. పరిసరములకు తగిన భేదము కలవి ఎక్కువగా బ్రతికి, ఎక్కువ సంతతిని పొందును. అనేక తరములు గడచునప్పటికి ఆ స్వల్పభేదములే పెద్ద మార్పులగును. దీనిని ప్రకృతివరణము అందురు. 1859లో చార్లెస్ డార్విన్ తన గ్రంథమున ఈ సూత్రమును విపులముగా వివరించెను.

చెఱువు తాబేలుతో పోల్చి చూచినచో ఈ విషయము స్పష్టమగును. చెఱువు తాబేలు అలికిడి కాగానే తలను, కాళ్లను డిప్పలోనికి ముడుచుకొనును. సముద్రపు తాబేలు అట్లు ముడుచుకొనజాలదు. దాని ముందుకాళ్లు తెడ్లవలె సాగినవి. డిప్ప నీటిని సులభముగా చీల్చుకొని పోవును. రక్షణ కొంత తగ్గినను ఈతకు బలము చేకూరినది. గ్రుడ్లు పెట్టునపుడు తాబేలు కన్నీరు కార్చుట చూచి కొందఱు జాలిపడుదురు. అది దుఃఖము కాదు. కంటిచెంత నున్న గ్రంథులు వెలికి పంపు ఉప్పునీరు.

శరీరము ఇంతగా మారినను, రెండు విషయములలో తాబేలు పూర్వపు బ్రతుకును విడువలేదు. మొదటిది ఊపిరి. దానికి చేపవలె మొప్పలు లేవు. గాలికై నీటిపైకి రావలసినదే. రెండవది గ్రుడ్డు. గ్రుడ్డులోని పిండమునకు పెంకు గుండ గాలి అందవలెను. నీట మునిగినచో అది ఊపిరాడక చచ్చును. అదే కడలిలో నివసించు సముద్రపు పాములలో పెక్కు జాతులు పిల్లలను కడుపులోనే పెంచి, నీటిలోనే ఈనును. వాటికి ఒడ్డుతో పని లేదు. తాబేళ్లలో మాత్రము పిల్లలను కను జాతి ఒక్కటియు లేదు. కనుక బ్రతుకు కడలిలో సాగినను, దాని వంశము ఒడ్డునగల ఇసుకపై ఆధారపడి యున్నది.

ఆ యిసుక గ్రుడ్లను పొదుగుటయే కాక, పిల్ల ఆడదో మగదో కూడ నిర్ణయించును. వేడి ఇంచుమించు 29, 30 డిగ్రీలకు మించినచో ఆడపిల్లలు హెచ్చును. తగ్గినచో మగపిల్లలు హెచ్చును. 45 మొదలు 60 దినములకు పిల్లలు గొయ్యి వెడలి, చీకటిలో వెలుగు కన్పట్టు దిక్కునకు పరుగిడును. దీపములు లేని తీరమున ఆ వెలుగు కడలి వైపుదే. తల్లి కాపుదల లేని ఆ పిల్లలలో పెరిగి పెద్దవగునవి వేయింటికి ఒకటి యని అంచనా. అందుచేతనే అన్ని గ్రుడ్లు.

కోట్ల ఏండ్లలో కుదిరిన ఈ ఏర్పాటునకు నేడు చిక్కులు కలిగినవి. తీరపు విద్యుద్దీపములు పిల్లలను ఊరివైపు మరలించును. ఇసుక వేడెక్కినకొలది మగపిల్లలు తగ్గిపోవును. ట్రాలరు వలలో చిక్కిన తాబేలు పైకి రాలేక మరణించును. పరిణామము తరముల మీద జరుగును. ఈ చిక్కులో కొలది దశాబ్దములలో వచ్చిపడినవి. పదేండ్లకు పైగా పెరిగినగాని గ్రుడ్లు పెట్టని జంతువు ఇంత త్వరగా మారజాలదు.

మారవలసినది మనుష్యుల నడవడియే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఈ తాబేళ్లకు రక్షణ కలదు. ఆంధ్రతీరమున అటవీశాఖవారు గ్రుడ్లను కంచెవేసిన చోటికి చేర్చి, పుట్టిన పిల్లలను కడలిలో విడుచుచున్నారు. పెట్టిన కొలది గంటలలోనే, అటునిటు త్రిప్పక గ్రుడ్లను తరలింపవలెను. ఆలసించినచో కదలిక వలన పిండము చచ్చును. ట్రాలరు వలలో అమర్చు చువ్వల చట్రము చేపలను లోనికి పోనిచ్చి, తాబేలును వెలికి పంపును. ఆ నెలలలో తీరమున దీపములు తగ్గించుట, కుక్కలను రానీయకుండుట గ్రామస్థు లెల్లరకు సాధ్యము.

కడలికి ఎంత అలవడినను తాబేలునకు ఒడ్డు తప్పదు. కావున ఒడ్డును కాపాడుటయే తాబేలును కాపాడుట.

ప్రశ్నలు

1. సముద్రపు తాబేలు గ్రుడ్లు పెట్టుటకు నేలకు ఏల రావలెను?
2. చెఱువు తాబేలునకు, సముద్రపు తాబేలునకు గల భేదము లెవ్వి?
3. ఇసుక వేడికిని, తాబేటి పిల్లలకును గల సంబంధమును వివరింపుము.