కట్టె కోత, కట్టె చీలిక

నేడు పట్టణములలోని జైన కుటుంబములలో గ్యాసు పొయ్యి లేని ఇల్లు అరుదు. తెల్లవారుజామున త్రాగునీరు కాచుటకు కట్టె వెదకుకొను పని తప్పినది. ఐనను కట్టెతో సంబంధము తెగిపోయినదని అనుకొనరాదు. పెండ్లిపందిరి వెనుక గాడిపొయ్యి వెలిగింపవలెనన్నను, పర్యూషణము ముగిసిన పిదప పారణ భోజనమునకు వందలమందికి వండవలెనన్నను, వంటవాడు మొదట అడుగునది కట్టె. వర్జీనియా పొగాకు కాల్చు బారనులును, ఇటుక బట్టీలును, చాలచోట్ల హోటళ్ళును ఇంకను కట్టెమీద నడచుచున్నవి. కట్టె కొనువారు పెక్కుమంది కలరు. దాని మంచిచెడ్డలు తెలిసి కొనువారు మాత్రము కొద్దిమందియే.

అడితికి పోయి ధర అడుగుటతో బేరము ముగిసినట్లు కాదు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో ఇంచుమించు సగము నీరే. వర్తకులకు లెక్కయే సులభముగా బోధపడును గనుక లెక్క వేసి చూడుడు. 100 కిలోల పచ్చికట్టెలో 45 కిలోలు నీరున్నదనుకొన్నచో అసలు కొయ్య 55 కిలోలే. బాగుగా ఎండిన కట్టెలోనైనను నూటికి 15 పాళ్ళు నీరు నిలిచియే యుండును. ఆ ప్రకారము నేడు 100 కిలోలు తూగిన పచ్చికట్టె, ఎండిన పిదప 65 కిలోలు తూగును. పచ్చికట్టెను కిలో 6 రూపాయలకు కొన్నవాడు నిజమునకు ఎండుకట్టెను 9 రూపాయలకు పైగా పెట్టి కొన్నాడన్నమాట. ప్రక్క అడితిలో ఎండుకట్టె 8 రూపాయలనగా ప్రియమని తిరిగివచ్చినవాడు, చౌక అనుకొని నీళ్ళు తూయించుకొన్నాడు.

నష్టము అంతటితో పోదు. ఆ నీటిని ఆవిరిగా మార్చనిదే కట్టె మండదు. 30 డిగ్రీల వేడిగల ఒక కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 610 కిలోకాలరీలు కావలెను. 45 కిలోల నీటికి 27 వేలకు పైగా అగును. ఎండుకట్టె కిలోకు ఇంచుమించు 4,500 కిలోకాలరీలు ఇచ్చునని చూచినచో, ఆరు కిలోల కట్టె వంటకు కాక నీటికే ఖర్చైనట్లు. పొయ్యి చల్లబడుటచేత సగము కాలిన కట్టె పొగయగును. గాడిపొయ్యి దగ్గర కన్నీరు కార్చుచు ఊదుచున్న వంటవానిని కసురుకొనుటకు ముందు, కట్టె కొన్నవారు తమ బేరమును ఒకసారి తలచుకొనుట మంచిది.

ఎండుకట్టెను గుర్తించుట కష్టము కాదు. కోసిన కొనయందు నడిమినుండి అంచులకు బీటలు వారియుండును. రెండు పేళ్ళను తట్టిన ఖంగుమని పలుకును. పచ్చిది మొద్దు చప్పుడు చేయును. బెరడు వ్రేలితో లాగిన ఊడివచ్చును. పైకి ఎండినట్లు కనబడు మొద్దును నమ్మరాదు. ఒకదానిని చీల్పించి లోపలి ముఖమును చెంపకు ఆనించి చూచిన, చల్లగా తగిలినచో ఇంకను పచ్చి యున్నదని తెలియును.

ఇక అసలు సంగతి. కట్టెను ఎప్పుడు చీల్చవలెను? చాల అడితులలో మొద్దులను మొద్దులుగానే నెలల తరబడి పడవేసి, కొనువాడు వచ్చినప్పుడు చీల్పింతురు. ఇందువలన కూలి ముందుగా పెట్టనక్కరలేదు. బరువును త్వరగా తగ్గదు. వర్తకుని లెక్కకు ఇది లాభముగా కనబడును. కాని కొయ్యలోని నీరు నార వెంట కొనలకు త్వరగా చేరును. నారకు అడ్డముగా మిక్కిలి మెల్లగా కదలును. బెరడు దానిని దాదాపు ఆపివేయును. కురుచగా కోసి, చీల్చి, లోపలి ముఖమును గాలికి తెరచినచో వేసవి ఎండకు రెండుమూడు నెలలలో వాడుకకు వచ్చు సరకు, మొద్దుగా ఉన్నచో ఏడాదికైనను నడుమ పచ్చిగానే యుండును. పైగా గట్టికొయ్యలు పచ్చిమీద గొడ్డలికి లొంగినట్లు ఎండిన పిదప లొంగవు. పచ్చి సరుగుడు దెబ్బకు రెండుగా విచ్చుకొనును. ఎండిన సరుగుడును, ఎండిన తుమ్మయును చీల్చువాని భుజములను అడుగవలెను. చింత సంగతి వేరు. దాని నార ఒకదానిలో ఒకటి పెనవేసికొని యుండుటచేత పచ్చియైనను ఎండైనను చీలలు దింపనిదే విడదు.

పచ్చిమీద చీల్చుటలో మరియొక ప్రయోజనము కలదు. జైన గృహస్థునకు ఇది ముఖ్యమైనది. చెట్టు కొట్టినపిదప బెరడుతోనున్న మొద్దును పొడుగు మీసముల పెంకుపురుగులు వెదకికొని వచ్చి, బెరడు నెరియలలో గ్రుడ్లు పెట్టును. పిల్లపురుగులు మొదట బెరడు క్రింద తిని, తరువాత కొయ్యలోనికి తొలుచుకొని పోవును. మొద్దు ఎన్నినాళ్ళు బెరడుతో పచ్చిగా పడియుండునో అన్ని ప్రాణులు దానియందు చేరును. తుదకు అవి యన్నియు పొయ్యిలోనికే. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో వనకర్మయు అంగారకర్మయు మొదటనే చెప్పబడినవి. చెట్లు కొట్టించుట, బొగ్గులు కాల్చుట జీవనోపాధిగా పెట్టుకొనరాదని వాని భావము. అడితి తనది కాదు గనుక దోషము తనకు లేదని కొనువాడు తృప్తిపడవచ్చును. కాని ఏ కట్టె కొనవలెను, ఎప్పుడు చీల్పింపవలెను అనునది కొనువాని చేతిలోని పనియే. మాఘ ఫాల్గుణములలో కొట్టిన కట్టెను వెంటనే బెరడు తీయించి చీల్పించినచో, వానలు పడు నాటికి ఎండి కప్పు క్రిందికి చేరును. పెంకుపురుగు గ్రుడ్డు పెట్టుటకు తావుండదు.

కొయ్య తొలుచు పురుగునకును కట్టె కోతకును ఒక విచిత్రమైన సంబంధము కలదు. పెట్రోలుతో నడచు గొలుసు రంపములు 1920ల తుదిభాగముననే జర్మనీలో వచ్చినవి. వాని పండ్లు పాత అడ్డకోత రంపపు పండ్లవంటివే. త్వరగా మొద్దుబారి, ఆకురాయి పట్టుటకే పూటలు గడచెడివి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అను కోతగాడు వంటచెరకు కొట్టుచు, ఒక మోడులో పిల్లపురుగు కొయ్యను తొలుచుట చూచెను. ఆ పురుగు దవడలు ఒకటి ఎడమకు ఒకటి కుడికి కొరుకుచు, నారను లెక్కచేయక సాగిపోవుచుండెను. కాక్స్ దానిని చూచి, ఎడమకు ఒక పన్ను కుడికి ఒక పన్ను వంపుతిరిగిన గొలుసును తయారుచేసి, 1947లో అమ్మకమునకు పెట్టెను. నేడు వాడుకలోనున్న గొలుసులు చాలవరకు ఆ మాదిరివే. పొయ్యిలో పడి కాలిపోవలసిన పురుగు మనుష్యునకు రంపము నేర్పినది.

ఆ రంపము ఇద్దరు మనుష్యులు అరపూట లాగు పనిని కొద్ది నిమిషములలో ముగించును. అందుకే నేడు ఏ అడితిలో చూచినను దాని మ్రోతయే. కాని గొలుసు సెకనుకు 20 మీటర్ల వేగముతో తిరుగును. దానిని కొని ఇచ్చు యజమాని రెండు సంగతులు తప్పక తెలిసియుండవలెను.

మొదటిది ఎదురుదెబ్బ. గొలుసు ఒక పొడవైన బద్దచుట్టు తిరుగును. ఆ బద్ద కొన యొక్క పైభాగము మరియొక మొద్దునకుగాని కొమ్మకుగాని తగిలినచో, గొలుసు కొయ్యను కోయలేక తన్నును తానే వెనుకకు తన్నుకొనును. రంపమంతయు లేచి పట్టుకొన్నవాని ముఖము మీదికి, మెడ మీదికి వచ్చును. కన్ను మూసి తెరచులోపల జరుగును. చూచి తప్పించుకొనుటకు వ్యవధి యుండదు. గుట్టగా పోసిన మొద్దులలో ఒకదానిని కోయుచుండగా దాని వెనుకనున్నది కనబడదు. ప్రమాదములు ఎక్కువగా అక్కడనే. కావున మొద్దును గుట్టనుండి విడదీసి, కొన ముందు ఖాళీ చూచుకొని కోయవలెను. ఎడమచేతి బొటనవ్రేలు ముందుపిడి క్రిందుగా చుట్టుకొని యుండవలెను. భుజముకంటె ఎత్తున కోయరాదు. శరీరము బద్దకు సూటిగా కాక, కొంచెము ప్రక్కకు నిలువవలెను. 1970లనుండి ఎదురుదెబ్బ వచ్చినప్పుడు గొలుసును ఆపివేయు బ్రేకు గల రంపములు వచ్చినవి. చౌకయని ఆ బ్రేకు పాడైన పాతసరకు కొనుట ఎవరికిని తగదు.

రెండవది మొద్దు బిగింపు. రెండు కొనలు ఎత్తున ఆని, నడుమ గాలిలోనున్న మొద్దును పైనుండి కోసినచో కోత మూసికొని రంపమును కరచుకొనును. అట్టిచో పైన మూడవవంతు కోసి, మిగిలినది క్రిందినుండి పైకి కోయవలెను. ఒక కొన మాత్రమే ఆని, రెండవది వ్రేలాడుచున్నచో దీనికి తలక్రిందులు. ముందు క్రిందనుండి మూడవవంతు, పిమ్మట పైనుండి. ఈ ఒక్క సంగతి తెలియక ఇరుక్కొన్న రంపమును గుంజుచు దెబ్బతినువారు చాలమంది.

రంపము పదునుగా నున్నదా లేదా అని తెలియుటకు దాని క్రింద పడిన పొట్టును చూచిన చాలును. పలుకులు పలుకులుగా పడినచో పదునున్నట్లు. పిండివలె పడినచో గుండ్రని ఆకురాయి పట్టవలెను. పదును పోయినప్పుడు పనివాడు బలముతో నొక్కును, నొక్కినప్పుడు చేయి జారును. చెవులకు అడ్డు, కండ్లకు అద్దములు, కాళ్ళకు గట్టి బూట్లు యజమాని కొని ఇవ్వవలసినవే. వట్టికాళ్ళతో, లుంగీతో ఈ రంపము పట్టించు అలవాటు కొన్నిచోట్ల కానవచ్చుచున్నది. లుంగీ అంచు గొలుసునకు చిక్కిన, కాలుకూడ వెంటపోవును.

గండ్రగొడ్డలి పని పాతదే యైనను దాని మెళకువలు మరపునకు వచ్చుచున్నవి. చెట్టుకొట్టు పలుచని గొడ్డలి కొయ్యలో దిగబడి నిలుచును. చీల్చుటకు మడమ మందమైన గండ్రగొడ్డలియే తగినది. తుమ్మ, చిరుమాను కామలు దెబ్బకు ఆగును. కామ వదులైనప్పుడు నీటిలో నానవేయుట చూచుచుందుము. అది ఉబ్బి ఆ పూటకు బిగియును. ఎండగానే మునుపటికంటె వదులై గొడ్డలి ఎగిరిపడును. క్రొత్త మేకు దిగగొట్టుటయే సరియైన పని. మొద్దును నేలమీద కాక మోకాలెత్తు పట్టుమొద్దుమీద నిలిపి, కాళ్ళు ఎడముగా పెట్టి, మోకాళ్ళు వంచి వేసినచో గురితప్పిన దెబ్బ పట్టుమొద్దుకు తగులునుగాని ముంగాలికి తగులదు. ఉన్న బీటమీదనే కొట్టవలెను. పెద్ద మొద్దును నడుమ కొట్టక, అంచులనుండి పేళ్ళుగా తీసికొని రావలెను. ముడియున్న వైపు క్రిందికి పెట్టవలెను. ఇనుప చీల తల సమ్మెట దెబ్బలకు పుట్టగొడుగువలె విచ్చుకొన్నచో దానిని అరగదీసిగాని వాడరాదు. ఆ అంచులు ముక్కలై తుపాకీ గుండ్లవలె ఎగిరి కంటికి తగులును.

చాలచోట్ల చీలికకూలి ఇంత బరువునకు ఇంతయని యుండును. పచ్చిమీద చీల్చినవానికి తూకము ఎక్కువ, శ్రమ తక్కువ. ఎండిన చింత చీల్చినవానికి తూకము తక్కువ, శ్రమ రెట్టింపు. ఒకే రేటు ఇచ్చినచో రెండవవాడు కూలి కొరకు తొందరపడి కాలు నరకుకొనును. ముడిసరకునకు వేరు రేటు కట్టుట న్యాయమే కాదు, వైద్యపు ఖర్చుకంటె చౌకకూడ.

చీల్చిన పేళ్ళను నేలమీద పేర్చినచో చెదలెక్కును. రాతిబండలమీదనో ఇటుకలమీదనో ఒక జానెడెత్తున పేర్చి, పైన మాత్రమే కప్పి, ప్రక్కలు గాలికి విడువవలెను. ఎండినదిగదా యని ఏండ్ల తరబడి నిలువచేయుటయు తప్పే. ఎండిన తెల్లకొయ్యకు వేరొక జాతి పొడిపురుగు వచ్చును. పిండివంటి మెత్తని పొడి రాలుట దాని గుర్తు. ముందు వచ్చిన సరకు ముందు పోవలెనన్న దుకాణపు నియమమే ఇక్కడను. పొయ్యిదగ్గరకు తెచ్చిన ప్రతి పేడును నేలకు రెండుసార్లు తట్టి, పూంజణీతో మెల్లగా తుడిచి, బోలుగానున్నదానిని ప్రక్కకు తీసి చెట్టు నీడను వదలివేయుట పెద్దల ఆచారము. వందలమందికి వండు గాడిపొయ్యి దగ్గర ఈ పనికి ఒక మనిషిని ప్రత్యేకించవలెను. వంట ఆరంభమైన పిదప తట్టి చూచు తీరిక ఎవరికిని ఉండదు గనుక, ముందునాటి సాయంకాలమే వెలుతురుండగా చూచి పెట్టుకొనవలెను.