నీటి కింద దారి, కొండ కింద నీరు

ఏటి మీద దారి వెయ్యడం మానవుడు ఏనాడో నేర్చాడు. వాగుకు అడ్డంగా తాటిమొద్దు పడేసి దాటిన రోజు నుంచి 1957లో ప్రకాశం బరాజ్ మీదుగా కృష్ణను దాటిన రోజు వరకు ఆ విద్య మెల్లగా పెరుగుతూ వచ్చింది. ఏటి కింద దారి వెయ్యడం మాత్రం దానితో పోలిస్తే నిన్న మొన్నటి విద్య. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట, 1825లో, లండన్ నగరంలో థేమ్స్ నది కింద అది మొదలైంది.

ఎక్కడి థేమ్స్, ఎక్కడి గుంటూరు సీమ, మనకెందుకయ్యా ఈ గోల అని పాఠకులు అడగవచ్చు. మాది మార్కాపురం వైపు మెట్ట పల్లె. పత్తి, మిర్చి, కంది వేస్తాం. పైన వాన, కింద బోరు తప్ప మరో ఆధారం లేదు. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళలో ఫ్లోరైడు అంత భయం. మా వైపు రచ్చబండ మీద 'సొరంగం' అన్న మాట నేను పుట్టక ముందునుంచీ వినబడుతూనే ఉంది. అది వెలిగొండ సొరంగం. థేమ్స్ వాళ్ళు నీటి కింద మనుషులకు దారి తొలిచారు. మన వాళ్ళు కొండ కింద నీటికి దారి తొలిచారు. రెండింటి విద్యా ఒక్కటే. రెండింటి కథా చాలా దూరం ఒక్కలాగే నడిచింది. ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కష్టం ఎక్కడుంది?

కాలువ కింద నుంచి దారి తీసిన నిర్మాణాలు మన జిల్లాల్లో లేకపోలేదు. రైతులు 'యూటీ' అనే అండర్ టన్నెల్ అలాంటిదే. పైన కాలువ పారుతుంటుంది, కింద వాగు నీరు దాటిపోతుంది. విజయవాడ దగ్గర ఎనికెపాడులో ఏలూరు కాలువ కింద నుంచి బుడమేరు వెళ్ళేది ఇలాగే. కాని కాలువను వేసవిలో కట్టేయవచ్చు. నీళ్ళు లేనప్పుడు తవ్వి, కట్టి, పైన మళ్ళీ మట్టి పూడ్చవచ్చు. థేమ్స్‌ను ఎవరు కట్టేస్తారు? అది పొద్దస్తమానం పారేది, సముద్రపు పోటుకు పొంగేది, పైన ఓడలు తిరిగేది. కనక దాన్ని కదపకుండా, దాని అడుగున ఉన్న మట్టిలోంచే తొలుచుకుంటూ పోవాలి.

ఇక్కడ ఇంటర్ లో చదువుకున్న చిన్న లెక్క గుర్తు చేసుకుందాం. నీటి లోతు 10 మీటర్లు పెరిగితే పీడనం సుమారు ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. థేమ్స్ సొరంగం పోటు సమయంలో నీటిమట్టానికి 75 అడుగుల లోతున ఉంది. అంటే ఒక్కొక్క చదరపు అడుగు మీద నీటి బరువే రెండు టన్నులకు పైమాట. ఆ మట్టిలో చిల్లి ఎక్కడ దొరికినా నది ఆ దారిన లోపలికి వచ్చేస్తుంది. గట్టుకు ఎలుకబొక్క పడితే చెరువు ఏమవుతుందో తెలిసిన మనకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

కాబట్టి సొరంగంలో తవ్వడం అంత పెద్ద సంగతి కాదు. తవ్విన ముఖం కూలకుండా, వెనక గోడ లేచేదాకా దాన్ని నిలబెట్టి ఉంచడమే అసలు సంగతి. 1807-08లో అదే నది కింద రిచర్డ్ ట్రెవిథిక్ అనే ఇంజనీరు చిన్న సొరంగం తవ్వుతూ వెయ్యి అడుగులు దాటి కూడా నీరు చొరబడి విడిచిపెట్టవలసి వచ్చింది.

పురుగు నేర్పిన పాఠం

ఈ చిక్కు విప్పినవాడు మార్క్ బ్రూనెల్. ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడినవాడు. ఓడల కొయ్యను తొలిచే ఒక సముద్రపు పురుగును ఆయన పరిశీలించాడట. పేరుకు పురుగేగాని అది నిజానికి ఆల్చిప్పల జాతి జీవి. తలదగ్గర ఉన్న గట్టి చిప్పలతో ముందు కొయ్యను గీకుతుంది. వెనక తన బొరియ గోడకు సున్నం పూత పూసుకుంటూ పోతుంది. ముందు తొలవడం, వెంటనే వెనక గోడ కట్టడం. ఈ సూత్రం మీద 1818లో ఆయన 'షీల్డు'కు పేటెంటు పొందాడు. షీల్డు అంటే డాలు. నదికి మనిషి పట్టిన డాలు.

ముందు ఒడ్డున నిలువుగా దిగాలి గదా. అందుకు 50 అడుగుల వెడల్పున గుండ్రటి ఇటుక గోడ నేలమీదే కట్టి, లోపలి మట్టి తీసేస్తూ ఆ గోడను దాని బరువుతోనే కిందికి దింపారు. మన ఇసుక నేలల్లో బావికి ఒరలు దించడం చూసినవారికి ఇది కొత్త కాదు. కృష్ణా గోదావరుల మీద రైలు వంతెనల స్తంభాలకు దించిన బావి పునాదులూ ఇదే తరగతివి.

ఆ బావి అడుగునుంచి షీల్డు బయల్దేరింది. ఇనుముతో చేసిన 12 చట్రాలు పక్కపక్కన నిలబెట్టారు. ఒక్కొక్క చట్రానికి మూడు అంతస్తులు. మొత్తం 36 గదులు, గదికొక మనిషి. ఆ మనిషి ఎదుట మట్టికి ఆనించి అడ్డపలకలు, వాటిని నొక్కిపట్టే మరజాకీలు. ఒక పలక తీసి, దాని వెనక నాలుగైదు అంగుళాల మట్టి మాత్రం గీకి, పలకను మళ్ళీ ముందుకు నొక్కిపెట్టాలి. అప్పుడే తరవాతి పలక ముట్టుకోవాలి. అన్ని పలకలూ జరిగాక చట్రం జరుగుతుంది. వెనక తాపీవాళ్ళు వెంటనే ఇటుక కమాను కట్టేస్తారు. ఏ క్షణంలోనూ ఒక పలక వెడల్పు కంటే ఎక్కువ మట్టి ఆధారం లేకుండా ఉండదు. ఇంత జాగ్రత్తతో వారానికి పది అడుగులు సాగితే గొప్ప.

నది లోపలికి వచ్చింది

సొరంగం కొలతలు ఇవి: పొడవు 1,300 అడుగులు, వెడల్పు 35 అడుగులు, ఎత్తు 20 అడుగులు. అరమైలు కూడా లేని ఈ దారికి 18 ఏళ్ళు పట్టింది!

అప్పట్లో లండన్ మురుగంతా థేమ్స్ లోనే కలిసేది. ఆ నీరు ఊరుతుంటే పనివాళ్ళకు జ్వరాలు, కళ్ళజబ్బులు. మురుగు నుంచి పుట్టిన మీథేన్ వాయువు దీపాలకు అంటుకునేది. 1827 మే 18న మొదటిసారి నది చొచ్చుకువచ్చింది. పడవల మీద నుంచి బంకమట్టి సంచులు ఆ గుంటలో వేసి గండి పూడ్చారు. వరదలో గట్టు తెగితే ఇసుక బస్తాలు వేసినట్టే. 1828 జనవరి 12న మళ్ళీ తెగింది. ఈసారి ఆరుగురు పనివాళ్ళు చనిపోయారు. బ్రూనెల్ కొడుకు ఇసాంబార్డ్ ఆ రోజు ముఖం దగ్గరే ఉన్నాడు. నీటి ఉరవడికి కొట్టుకుపోయి బావి దగ్గర తేలాడు, కొనఊపిరితో బయటపడ్డాడు. అంతకు ఏడాది ముందు రెసిడెంట్ ఇంజనీరుగా నియమించేనాటికి అతనికి 20 ఏళ్ళు. నా వయస్సే. చదువుతూ ఇక్కడ కాస్సేపు ఆగిపోయాను.

తరవాత డబ్బు అయిపోయింది. సొరంగం నోటికి గోడ కట్టేసి ఏడేళ్ళు వదిలేశారు. ప్రభుత్వం అప్పు ఇచ్చాక 1835లో కొత్త షీల్డుతో పని మళ్ళీ మొదలైంది. 1843 మార్చి 25న ప్రజలకు తెరిచారు. మొదటి రోజే 50 వేల మంది పెన్నీ చొప్పున ఇచ్చి నది కింద నడిచారు.

ఇంతకీ అది బండ్ల కోసం తలపెట్టిన దారి. సరుకుల బండ్లు ఒడ్డు నుంచి ఒడ్డుకు పోవాలని దాని మూలోద్దేశం. బండి కిందికి దిగాలంటే రెండు కొసల్లోనూ ఏటవాలు బాటలు కట్టాలి. వాటికి డబ్బు మిగల్లేదు. మెట్లు మాత్రం కట్టారు. అంత విద్య చూపిన సొరంగంలోకి సరుకుల బండి ఒక్కటీ దిగలేదు! చివరికి 1869 నుంచి అందులో రైళ్ళు నడిచాయి. అది రైలు సొరంగంగానే నిలిచిపోయింది.

గాలితో నీటిని ఆపడం

బ్రూనెల్ తరవాత ఇంకో ఉపాయం చేరింది. సొరంగం లోపల గాలిని అదిమి నింపి, నీటి పీడనానికి గాలి పీడనాన్ని ఎదురునిలపడం. లండన్ లోనే 1897లో తెరిచిన బ్లాక్‌వాల్ రోడ్డు సొరంగం షీల్డు, సంపీడన వాయువు రెండూ కలిపి కట్టింది. దీనికీ ఒక మూల్యం ఉంది. అధిక పీడనంలో మనిషి రక్తంలో నైట్రోజన్ ఎక్కువగా కరుగుతుంది. గబుక్కున బయటికి వస్తే గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు లేచినట్టు రక్తంలో బుడగలు లేస్తాయి. కీళ్ళు పట్టేస్తాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కనక పనివాళ్ళను ప్రత్యేకమైన గదిలో ఉంచి పీడనం మెల్లమెల్లగా తగ్గించాలి.

మోటారు కార్లు వచ్చాక రసాయన శాస్త్రం ముందుకొచ్చింది. న్యూయార్క్ లో హడ్సన్ నది కింద 1927లో తెరిచిన హాలండ్ సొరంగానికి నీటికన్నా కార్బన్ మోనాక్సైడ్ పెద్ద శత్రువు. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్ ను పట్టేసి ఆక్సిజన్ కు చోటివ్వదు. 84 పంకాలు పెట్టి 90 సెకన్లకోసారి లోపలి గాలి మొత్తం మారేట్టు చేశారు. దాని ఇంజనీరు క్లిఫర్డ్ హాలండ్ పూర్తయిన దారిని చూడకుండానే 1924లో కన్నుమూశాడు. దారికి ఆయన పేరే నిలిచింది.

మన దేశంలో 2024 మార్చిలోనే కలకత్తాలో హుగ్లీ నది కింద మెట్రో రైలూ, బొంబాయి కోస్టల్ రోడ్డులో కొంత దూరం సముద్రం అడుగునుంచి పోయే రోడ్డు సొరంగమూ ప్రారంభమయ్యాయి. ఇప్పుడు ఈ పని చేసేది టన్నెల్ బోరింగ్ మిషన్. ఎంత పెద్దదైనా అది బ్రూనెల్ షీల్డుకు మునిమనవరాలే. 36 మంది గీకిన చోట ఒక తిరిగే చక్రం గీకుతుంది; ఇటుకల బదులు పోతపోసిన కాంక్రీటు పలకలు వలయంగా వెనక బిగుస్తాయి.

మన వెలిగొండ

ఇక ఇంటికి వద్దాం. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నీరు తీసుకొని నల్లమల కింద నుంచి దోర్నాల వైపు తేవడానికి రెండు జంట సొరంగాలు. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు. మొదటిది 7 మీటర్ల వ్యాసం, 3,000 క్యూసెక్కులు, రెండోది 9.2 మీటర్లు, 8,500 క్యూసెక్కులు. పైన పులుల అభయారణ్యం ఉంది గనక మధ్యమధ్యలో దారులు తీసే వీలు లేదు.

రెండు సొరంగాలు ఎందుకో లెక్క వేసి చూడండి. రెండూ కలిసి 11,500 క్యూసెక్కులు. రోజంతా పారితే దాదాపు ఒక టీఎంసీ. కృష్ణకు వరద ఉండేది కొన్ని వారాలే. పథకం ప్రకారం తీసుకోవలసింది 43.5 టీఎంసీలు. అంటే ఆరేడు వారాల్లో తెచ్చుకోవాలి. ఆ నీటిని సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు ఆనకట్టలు కట్టి నిలిపితే నల్లమల సాగర్ అవుతుంది. 4 లక్షల 47 వేల ఎకరాలకు సాగునీరు, 15 లక్షల మందికి పైగా తాగునీరు అన్నది సంకల్పం. ప్రాజెక్టుకు ఈ ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టారు.

1996లో శంకుస్థాపన. నేను పుట్టిన ఏడాదికి అటూ ఇటూగా పనులు ఊపందుకున్నాయి. మధ్యలో యంత్రాలు మొరాయించాయి, పని ఆగింది, మళ్ళీ సాగింది. 2021 జనవరిలో మొదటి సొరంగం, 2024 జనవరిలో రెండోది తొలవడం పూర్తయింది. 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు.

ఇది పిల్లలాట కాదని చెప్పడానికి మరో సొరంగం సాక్షిగా ఉంది. అదే శ్రీశైలం జలాశయానికి తెలంగాణ వైపు 43.9 కిలోమీటర్ల పొడవున తలపెట్టిన ఎడమగట్టు కాలువ సొరంగంలో, 2025 ఫిబ్రవరి 22న, లోపల సుమారు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలి నీరూ బురదా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. రెండు నెలలు వెతికినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. పొట్టకూటి కోసం జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ వంటి దూరప్రాంతాల నుంచి వచ్చినవారు వాళ్ళు. 1828 నాటి ఆరుగురికీ వీరికీ మధ్య 197 ఏళ్ళు. నేల మారలేదు, నీరు మారలేదు. యంత్రం పెరిగినంత మాత్రాన ముఖం దగ్గర నిలబడే మనిషికి ప్రమాదం తప్పలేదు.

కొసల సంగతి

థేమ్స్ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ కట్టని ఏటవాలు బాటలు. నది కింద తొలవడం అసాధ్యమన్నారు, తొలిచారు. ఆపైన చెయ్యాల్సింది ఎవరైనా చెయ్యగల మామూలు పని, అదే మిగిలిపోయింది. సొరంగం ముందుకు సాగేది ముఖం దగ్గర, మనిషికి పనికొచ్చేది కొసల దగ్గర.

వెలిగొండకూ ఏటవాలు బాటలున్నాయి. జంట సొరంగాలు అంకితమైన రోజుకు కూడా ముంపు గ్రామాలవారికి పరిహారం, పునరావాసం పూర్తి కాలేదు. వాళ్ళు కదిలితేగాని నల్లమల సాగర్ నిండదు. కాలువలు బాగుపడితేగాని నీరు చేలకు చేరదు. 11 గ్రామాలవాళ్ళు తమ ఇళ్ళూ పొలాలూ ఇచ్చి మాబోటివాళ్ళకు నీళ్ళు ఇస్తున్నారు. వాళ్ళకు ఇవ్వాల్సింది ముందు ఇవ్వడం దయ కాదు, ఇంజనీరింగులో భాగమే. షీల్డు వెనక గోడ కట్టకుండా ముందు మట్టి తియ్యకూడదన్నది బ్రూనెల్ పాఠం గదా. మనుషుల విషయంలోనూ అదే పాఠం వర్తిస్తుంది.

సైన్సు చదివే మిత్రులకు ఒక మనవి. మనలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు భూగర్భశాస్త్రం వైపు పోతారు, కొందరు ఆఫీసుల్లో ఫైళ్ళ మీద సంతకాలు పెడతారు. సొరంగం తొలిచామన్న వార్త చదివినప్పుడు కొస ఎక్కడుందో అడగండి. మా పల్లెలో అయితే ఆ కొస మిర్చిచేను చివరి సాలు. అక్కడ నేల తడిసిన రోజే సొరంగం పూర్తయినట్టు.