సేవిత దశ – నూతనకవి స్వమార్గాన్వేషణము

పద్యరచనకు పూనుకొనిన విద్యార్థి తొలుత ఎవరో ఒక పూర్వకవి గొంతుతోనే పలుకును. పోతన భాగవతమును కంఠస్థము చేసినవాని పద్యములలో అంత్యప్రాసలు పుంఖానుపుంఖముగా వచ్చును. వసుచరిత్రమును చదివినవాడు శ్లేషను విడిచి అడుగు కదపడు. వినినవారు "ఇందు నీది యేది?" అని ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు వెఱచి కొందరు రచననే మానుదురు; కొందరు పూర్వకావ్యపఠనమును మానుదురు. రెండును నష్టములే. ఈ విషయమున మన ఆలంకారికులు చెప్పినదానిని పరిశీలించి, అందుండి బోధకునకు లభించు మార్గమును నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సహజమైన ప్రతిభ, నిర్మలమైన విస్తృతపాండిత్యము, ఎడతెగని అభ్యాసము అను మూడును కలిసి కావ్యసంపదకు హేతువులని దండి మతము. సహజప్రతిభ లేకున్నను, శాస్త్రపఠనముచేతను ప్రయత్నముచేతను సేవింపబడిన వాగ్దేవి కొంత అనుగ్రహింపక మానదని కూడ ఆయన కావ్యాదర్శమున నూతనకవులకు ధైర్యము చెప్పెను. వైదర్భ గౌడ మార్గములను వివరించిన పిమ్మట, వాటిలో ప్రతికవికిని వేర్వేఱుగనుండు భేదమును వర్ణింప శక్యము కాదని ఆయన అంగీకరించెను. చెఱకు, పాలు, బెల్లము మున్నగువాని తీపులలో గొప్ప భేదము కలదు. కాని దానిని మాటలలో చెప్పుట సరస్వతికైనను సాధ్యము కాదని ఆయన దృష్టాంతము. కవి స్వీయవాణి అనునది లక్షణమునకు లొంగదనియు, నాలుకకు మాత్రమే తెలియుననియు దీని తాత్పర్యము.

లక్షణమునకు లొంగకున్నను, దాని ఉదయక్రమము శాస్త్రమునకు అగోచరము కాదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవికి పది అవస్థలు చెప్పెను. కావ్యవిద్యలను అభ్యసింప గురుకులమున చేరినవాడు కావ్యవిద్యాస్నాతకుడు. రచించియు హృదయముననే దాచుకొనువాడు హృదయకవి. దోషభయముచే తన కావ్యమునే పరులదని చెప్పి చదువువాడు అన్యాపదేశి. ప్రాచీనులలో ఒకని ఛాయను ఆశ్రయించి అభ్యసించువాడు సేవిత. నిర్దోషముగ రచించుచున్నను ప్రబంధమును కూర్పనివాడు ఘటమానుడు. అటుపై మహాకవి, కవిరాజు మున్నగు దశలు వచ్చును. ఈ క్రమమున సేవిత దశ దోషముగ గాక సోపానముగ పరిగణింపబడుట గమనార్హము. నాలుగవ మెట్టుపైనున్నవానిని ఆఱవ మెట్టుపై లేవని నిందించుట న్యాయము కాదు.

క్షేమేంద్రుడు కవికంఠాభరణమున ఈ సోపానమునకు తగిన అభ్యాసములను విధించెను. అర్థముతో పనిలేక పదములను వృత్తమున కూర్చుట, ప్రసిద్ధశ్లోకమున పదములను మార్చి అదే భావమును నిలుపుట, సమస్యను పూరించుట అట్టివి. రఘువంశ ప్రథమశ్లోకమునకే ఆయన అట్టి మార్పును చేసి చూపెను. కష్టమైన వ్యాకరణముచే చెడినవాడును, తర్కముచే దగ్ధుడైనవాడును ఈ శిక్షకు లొంగరని ఆయన చెప్పిన మాటను శాస్త్రపాఠకులు చిఱునవ్వుతోనైనను స్మరింపదగును.

అయినచో ఛాయ ఎంతవఱకు గ్రాహ్యము? ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్యోతమున కవుల సంవాదమును మూడు విధములుగ విభజించెను. ప్రతిబింబమువంటిది మొదటిది, దానికి వేఱు ఆత్మ లేదు. చిత్రపటమువంటిది రెండవది, దాని ఆత్మ తుచ్ఛము. ఇద్దఱు మనుష్యులు ఒకరినొకరు పోలియున్నట్లు పోలునది మూడవది. దానికి తనదైన ఆత్మ కలదు. కావున త్యాజ్యము కాదు. పోలికను మాన్పుట శిక్షకు లక్ష్యము కాదు. మొదటి రెండింటినుండి మూడవదానికి విద్యార్థిని నడపుటయే లక్ష్యము.

ఆ ఆత్మ ఎచటనుండి వచ్చును? ఇచట కుంతకుని విచారము మిక్కిలి ఉపకరించును. దేశమునుబట్టి రీతులను పేర్కొనుటను ఆయన నిరాకరించెను. మేనమామకూతును వివాహమాడుటవంటి దేశాచారము కాదు కావ్యరచన అని ఆయన వాదము. మేనరికమును ఎఱిగిన తెలుగువారికి ఈ దృష్టాంతము సుబోధము. ఆచారమునకు పెద్దల నడవడి చాలును. కావ్యమునకు శక్తి వలయును. సుకుమార, విచిత్ర, మధ్యమ మార్గములకు మూలము కవిస్వభావమే. సుకుమారస్వభావునకు అట్టి శక్తియే పుట్టును. ఆ శక్తికి తగిన వ్యుత్పత్తినే, తగిన అభ్యాసమునే అతడు ఆర్జించును. కాళిదాసుని సుకుమారమార్గమునకును, బాణుని విచిత్రమార్గమునకును ఆయన ఉదాహరించెను. దీనినిబట్టి ఒక విషయము సిద్ధించుచున్నది. కాళిదాసుని స్వభావము కల విద్యార్థిని బాణుని ఛాయలో ఏండ్లతరబడి నిలిపినచో, అభ్యాసమే స్వభావమును అణచును. ఆదర్శకవిని ఎన్నుకొనుట బోధకుని అభిరుచికి విడువదగినది కాదు.

విద్యార్థి స్వభావమును కనుగొనుటకు సాధనమేమి? ఆదర్శమునుండి అతడు తొలగిన చోటులే సాధనము. శ్లేషమయరచనను అనుసరించుచున్న బాలుడు ఒక పాదమున శ్లేషను విడిచి పెరటి బావిని ఉన్నదున్నట్లు చెప్పెననుకొందము. అది అశక్తి కావచ్చును, స్వభావాంకురము కావచ్చును. రెండింటిని ఒకే గీతతో కొట్టివేయు బోధకుడు కలుపుతోపాటు మొలకను పెఱుకుచున్నాడు.

ఈ వివేకమునకు వామనుని పదపరీక్ష తోడ్పడును. పదములను ఉంచుచు తీయుచు చూచుట అవేక్షణము. పర్యాయపదమును సహింపని కూర్పు శబ్దపాకము. అయితే తెలుగు పద్యమున ఈ పరీక్షకు ఒక జాగ్రత్త అవసరము. యతిప్రాసల నిర్బంధమువలన కూడ పదము మార్పును సహింపకపోవచ్చును. అది ఛందస్సు పట్టిన పట్టేకాని అర్థము పట్టిన పట్టు కాదు. కావున విద్యార్థిచేత పద్యభావమును వచనమున చెప్పింపవలెను. యతి తొలగిన పిమ్మటకూడ ఆ పదమే అతని నోట వచ్చినచో అది అతనిది, రానిచో పూరణము. రాజశేఖరుని అన్యాపదేశి చేసిన పనికూడ ఇట్లే ఉపయోగించుకొనవచ్చును. కర్తృనామమును దాచి పద్యమును తరగతిలో చదివినచో, గౌరవముగాని పరిహాసముగాని అడ్డురాక గుణదోషములు తేలును.

ఛాయాశ్రయము స్వత్వమును హరింపదనుటకు ఎఱ్ఱన నిదర్శనము. 11వ శతాబ్దిలో నన్నయ శరద్వర్ణనయొద్ద విడిచిన అరణ్యపర్వమును 14వ శతాబ్దిలో ఆయన శరద్వర్ణనతోనే అందుకొని, రాజరాజనరేంద్రునకే అంకితముగ పూరించెను. నన్నయ ఫణితితో ఆరంభించి క్రమముగ తిక్కన ఫణితికి చేరెనని విమర్శకులు గుర్తించిరి. అట్లు ఇరువురి గొంతులతో పలికినవాడే నృసింహపురాణమున తన వర్ణనామార్గమును నెలకొల్పి ప్రబంధపరమేశ్వరుడని ప్రసిద్ధుడయ్యెను. ఇది నూతనకవి సేవిత దశ కాదు, ప్రౌఢుని స్వాధీనత. తన ఇల్లు తెలిసినవాడే పరుల ఇంట నిర్భయముగ మెలగి తిరిగి రాగలడు.

కావున "ఇందు నీది యేది?" అను ప్రశ్న తప్పు కాదు, దానిని విద్యార్థిపై విసరుట తప్పు. అది బోధకుడు ఎఱ్ఱసిరా కలమును చేపట్టుటకు ముందు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న. ఇరువది పద్యములలో ఒక్క పాదము విద్యార్థిదిగ కనబడినను, దానిని వ్రేలితో చూపి "ఇది నీది" అని చెప్పుట గురుకృత్యము. తక్కిన పాదములు దాని జాడ పట్టుకొని వచ్చును.