అక్షర రక్షణ

హైదరాబాదు నగరానికి పడమట, ఖాజాగూడ శిలలకు సమీపంలోని గచ్చిబౌలిలో 1998వ సంవత్సరంలో ట్రిపుల్ ఐటీ ఏర్పడింది. తెలుగును యంత్రానికి నేర్పే పరిశోధనలు అక్కడ జరుగుతున్నాయి. ఆ ఏడాదే ఫిబ్రవరిలో ‘ఎక్స్ఎంఎల్’ అనే గుర్తుల భాష ప్రమాణంగా వెలువడింది. ఒక గ్రంథంలో ఏది శీర్షిక, ఏది పద్యం, ఏది తాత్పర్యం అన్నది యంత్రానికి తెలియజెప్పడం దీని ప్రయోజనం.

ఈ భాషలో అక్షరాన్ని నేరుగా రాయవచ్చు. దాని సంఖ్యతోనూ సూచించవచ్చు. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు స్థానాలున్నాయి. అరసున్న 3073, శకటరేఫం 3121. కీబోర్డు మీద సులభంగా దొరకని శకటరేఫాన్ని &#3121; అని రాస్తారు. విరాటుని కొలువులోని పాండవులవలె మారువేషంలో ఉన్న అక్షరమిది!

పత్రాన్ని చదివి, భాగాలుగా విడదీసే ప్రోగ్రామును ‘పార్సర్’ అంటారు. సూచికను చూడగానే వేషం తొలగించి అసలు అక్షరాన్ని నిలపడం దాని ధర్మం. అయితే పార్సర్‌ను ఆశ్రయించక, సంకేతాలన్నిటినీ చెత్తగా తలచి ఊడ్చివేసే ప్రోగ్రాములూ ఉన్నాయి. ‘అఱుగు’ అనే పదంలో శకటరేఫం పోతే కొమ్ము మాత్రం ఒంటరిగా మిగిలి, లోపం బయటపడుతుంది. ‘ఏఁడు’ అంటే సంవత్సరం. అందులో అరసున్న పోతే ‘ఏడు’ మిగులుతుంది. అదీ తెలుగు మాటే కనుక యంత్రం దోషాన్ని పసిగట్టదు, పాఠకుడూ పసిగట్టడు. కంటబడని ఈ నష్టమే ఎక్కువ ప్రమాదకరం.

అతిజాగ్రత్త వల్లనూ చిక్కులున్నాయి. & గుర్తు సంఖ్య 38. సూచికలోని ఆ గుర్తును మరల సూచికగా మారిస్తే &#38;#3121; అవుతుంది. అప్పుడు పాఠకునికి ‘ఱ’ బదులు &#3121; అనే సంకేతమే దర్శనమిస్తుంది.

ఇంతకూ కాపాడవలసింది అక్షరాన్నా, అది రాసిన తీరునా? పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి, ఒకే కావ్యానికి గల పలు ప్రతులను పోల్చి చూపించినాడు. కావ్యం చదువుకొనేవారికి అక్షరం చాలు. ప్రతులను పోల్చే పరిష్కర్తకు మాత్రం రాసిన తీరు కూడా కావాలి. పార్సర్ దానిని మిగల్చదు. అందువల్ల పార్సర్‌కు అప్పగించక ముందే & స్థానంలో వేరొక గుర్తును ఉంచి, పని ముగిసిన పిదప యథాస్థితికి తేవాలి. ఎన్నుకొన్న గుర్తు గ్రంథంలో మరెక్కడా లేదని ముందే వెదికి చూసుకోవాలి; ఉన్నట్లయితే చివరి మార్పిడిలో అదీ & గా మారిపోతుంది.