ఎముకల పెట్టె తెరిచిన బిడ్డకు

లావణ్యా,

నువ్వు చేరిన రామగుండం వైద్య కళాశాల 2022లోనే మొదలైందని, పేరున్న పాత కాలేజీలో సీటు రాలేదని నీకు చిన్నతనంగా ఉందట. కాళ్ళ ఎముకలు చదవడానికి ఆ కాలేజీ ఉన్న బొగ్గు బాయిల ఊరు గోదావరిఖని కంటే మంచి చోటు నాకైతే తోచదు. తుంటి నుంచి కాలివేళ్ళ దాకా ఒక్కో పక్క 31 ఎముకలు. వాటి గట్లు, గుంతలు, రంధ్రాల పేర్లు ముందు బట్టీ పట్టమని సీనియర్లు చెప్తారు. నేను ఒప్పుకోను. ఈ ఎముక మీద బరువు ఎటునుంచి పడుతుంది, దీనికి నెత్తురు ఎటునుంచి వస్తుంది, ఈ రెండు ప్రశ్నలు ముందు అడుగు.

తుంటి కీలునే తీసుకో. నిలబడ్డప్పుడు తొడ ఎముక ఫీమర్ తల తుంటి గిన్నెలో గట్టిగా కూర్చుంటుంది. బాయిలో మనిషి వంగి పనిచేస్తున్నప్పుడు తొడ ముందుకు మడుచుకుంటుంది. అప్పుడు పైకప్పు కూలి బండ నడుం మీద పడితే ఆ తల గిన్నె వెనక అంచు దాటి బయటికి జారుతుంది. పాత శస్త్రచికిత్స పుస్తకాలు ఈ దెబ్బకు గని కార్మికుణ్ణే ఉదాహరణగా చూపేవి. కాలు పొట్టిదై లోపలికి తిరుగుతుంది. వెనకనే సయాటిక్ నరం ఉంది గనుక పాదం వాలిపోయే ప్రమాదమూ ఉంది. అదే ఫీమర్ మెడ విరిగితే కాలు పొట్టిదౌతుంది కానీ బయటికి తిరుగుతుంది. తలకు నెత్తురు చాలావరకు మెడను అంటిపెట్టుకుని వచ్చే సన్నని నాళాల నుంచే. అవి తెగితే తల చచ్చుబడుతుంది. జారిన తలను గంటల్లోనే గిన్నెలోకి ఎక్కించాలనే తొందరా అందుకే. ఇంత తెలిశాక ఆ నాళాల పేరు మరిచిపోతావా?

పరీక్షలో అడిగేది పేర్లే కదా అంటావు. నిజమే, పేర్లు రాకుంటే తప్పుతావు. కానీ కారణం తెలిసిన పేరు వైవాలో తడబడదు. ఇక రెండో మాట: ఎముకను పనే మలుస్తుందా? జర్మన్ వైద్యుడు వోల్ఫ్ 1892లో బరువును బట్టి ఎముక లోపలి అల్లిక మారుతుందన్నాడు. గొంతుకూర్చునే అలవాటు మోకాలి కింది పెద్ద ఎముక టిబియా, చీలమండ ఎముక టేలస్‌ల మీద వేసే నునుపు మచ్చలను భారతీయుల ఎముకల్లో ఇందర్‌బీర్ సింగ్ 1959లో వివరించాడు. అయితే ఆ మచ్చ చూసి ఇది బాయి కార్మికుడి కాలని తేల్చకు. వంటకైనా కలుపుకైనా మన జనం గొంతుకూర్చునేవాళ్ళే. పైగా ఎముకను మార్చేది పని ఒక్కటే కాదు, తాగే నీళ్ళు కూడా. ఫ్లోరిన్ నీళ్ళ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి ఒరిగిపోవడాన్ని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లోకానికి చూపారు.

తట్ట మోసే కాలం పోయింది, సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టులదే, ఈ బాయి దెబ్బలు నాకెందుకు అనుకోవద్దు. యంత్రం వచ్చినా, దారిలో బండి గుద్దినా టిబియా అదే టిబియా. దాని ముందు పక్క చర్మం తప్ప కాపు లేదు, కింది మూడో వంతుకు కండా తక్కువే. అందుకే విరిగితే సులువుగా బయటికి పొడుచుకొస్తుంది, అతుక్కోవడానికి నెలలు పడుతుంది.

ఈ వారం ఫీమర్ ఒక్కటే చేత పట్టుకో. అది కుడిదో ఎడమదో, ఎందుకో, పుస్తకం మూసి నాకు రాసి పంపు బిడ్డా.

నీ పెద్దబాపు