సీసాలో వచ్చిన నీరు

పాథాలజీలో ముప్ఫై ఆరేళ్లు చేసి రిటైరయ్యాను. పీజీ పిల్లలు ఇప్పటికీ స్లైడ్లు పట్టుకుని ఇంటికొస్తుంటారు. అండాశయ క్యాన్సర్ ఎలా పాకుతుందని అడిగితే నేను చెప్పేవి ఇవి.

1. పేరు చూసి మోసపోకండి. ఈ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది, మొండిది అయిన సీరస్ రకం చాలామందిలో ఫెలోపియన్ ట్యూబు కొసనుండే కుచ్చుల్లో పుడుతుంది. ఇది తెలియక ట్యూబునుంచి ఒకటి రెండు ముక్కలు తీసి సరిపెట్టేదాన్ని. ఎన్ని వదిలేశానో!

2. పాకడానికి ఈ జబ్బుకు రక్తనాళాలతో పెద్దగా పని లేదు, పొట్టలో నీరు చాలు. సీసాలో వచ్చిన పసుపుపచ్చటి నీటిని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుక్కి దిగినదాన్ని స్లైడు మీద పరిచి రంగేసి చూడండి. చాలాచోట్ల కణాలు గుత్తులు కట్టి ఉంటాయి, అంచులు సీతాఫలం బుడిపెల్లా. అవి వెళ్లి పేగుల ముందు వేలాడే కొవ్వు దుప్పటిలో, అంటే ఒమెంటంలో, దిగుతాయి. చేతిలో మెత్తగా జారిపోవాల్సిన ఒమెంటం దిబ్బరొట్టెలా గట్టిపడి వస్తుంది. అక్కడి కొవ్వు కణాలే వీటికి మేత.

3. పాడైన జీన్ వేరు, జీన్లను నడిపే మీట వేరు. పీ53 రెండూను. అమెరికా వాళ్లు 2011లో ప్రకటించిన క్యాన్సర్ జీనోం అట్లాస్‌లో 316 సీరస్ గడ్డలు చదివితే 96 శాతంలో అది చెడి ఉంది. పాకడం దగ్గరికొస్తే స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే మీటలు ముందుకొస్తాయి. ఇవి డీఎన్ఏ మీద కూర్చుని, కణాన్ని కణానికి అతికించే ఈ-క్యాడ్హెరిన్ జీన్‌ను నొక్కేస్తాయి. పిండంలో కణాలు కదిలి తమ చోటికి చేరేందుకు వాడుకున్న మీటలే ఇవి.

4. మీటకూ మీట ఉంది. మైక్రో ఆర్ఎన్ఏ-200 కుటుంబం జెబ్1ను తయారవనివ్వదు, జెబ్1 వెళ్లి ఆ కుటుంబం జీన్లనే ఆపుతుంది. ఏతంలా ఒక కొస లేస్తే రెండోది దిగాల్సిందే. అందుకే కణం అటూ పోగలదు, ఇటూ రాగలదు. ఇలాంటి బుల్లి ఆర్ఎన్ఏను మొదట 1993లో ఒక పురుగులో పట్టుకున్నారు. ఆంబ్రోస్, రువ్కున్‌లకు దానికే 2024లో నోబెల్ వచ్చింది.

5. ఈ-క్యాడ్హెరిన్ పోతేనే కణం పాకుతుందని పుస్తకం చెప్పే కథ అండాశయం దగ్గర తడబడుతుంది. మామూలు అండాశయం పైపొరలో ఈ-క్యాడ్హెరిన్ తక్కువ, గడ్డలోనే ఎక్కువ. ఒకసారి ఒమెంటం ముక్కలో ఈ-క్యాడ్హెరిన్‌ను చూపే గోధుమరంగు గీతలు నిండుగా కనిపిస్తే, ఇంత గట్టిగా అతుక్కున్న కణాలు ఇంత దూరం ఎలా వస్తాయని సర్జన్‌తో వాదించాను. పాక్స్8 రంగు వేశాక నోరు మూసుకున్నాను. పాక్స్8 కూడా మీటే. కణం ఏ ఊరిదో అదే చెప్పేసింది. సగం వదులై, సగం చేతులు పట్టుకునే తేలుతాయివి. ఒంటరి కణం నీళ్లలో బతకడం కష్టం.

6. ఇలా పాకకముందే సీఏ-125 రక్తపరీక్షతో పట్టేస్తామనుకోవద్దు. బ్రిటన్‌లో 2 లక్షలమంది పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2021లో లెక్క చూస్తే, మరణాలు తగ్గలేదు.

7. "మరి మీటను ఆపే మందేది మేడం?" అంటుంది ఓ పిల్ల. ఎంజైముల్లో మందు ఇరుక్కునే గుంట ఉంటుందమ్మా, ఈ మీటల్లో చాలావాటికి అలాంటి గుంట దొరకదు. బీఆర్‌సీఏ జీన్ చెడినవాళ్లకు ఇచ్చే ఓలాపరిబ్ కూడా డీఎన్ఏ మరమ్మతు మీదే దెబ్బకొడుతుంది, మీట జోలికి పోదు.