చదువుల భాష, ఏలే భాష

పాంచాలంకురిచ్చి అనగానే కట్టబొమ్మన గుర్తొస్తాడు. 1799లో కంపెనీవాళ్ళు ఆయన్ని కయత్తారులో ఉరితీశారు. ఆ పాలెగాళ్ళ ఇంటి భాష తెలుగు. పన్ను, కావలి, తగవు తీర్పు వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. ఈ రోజు ఆ చుట్టుపక్కల మా ఇళ్ళలో తెలుగు మిగిలింది. పైచదువు మాత్రం తమిళంలోనో ఇంగ్లీషులోనో సాగుతుంది. ఏలుబడి ఉన్నంత మాత్రాన ఇంటి భాష చదువుల భాష అవుతుందా? రెండు ఉదాహరణలు చూద్దాం.

ఒకటి హైదరాబాదు. నిజాం ప్రభుత్వం 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి ఉర్దూలో బోధన మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాదే అనువాద శాఖ పెట్టి పాఠ్యపుస్తకాలు, శాస్త్ర పదాలు తయారుచేయించింది. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పారు. దేశభాషలో పైచదువు చెప్పలేం అన్న మాట అక్కడ తప్పని తేలింది. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు. రాయప్రోలు సుబ్బారావుగారు అక్కడ తెలుగు చెప్పారు, అది ఒక పాఠ్యాంశంగానే. 1948లో నిజాం ఏలుబడి పోయాక బోధన ఇంగ్లీషులోకి మారింది.

రెండోది ఆంధ్ర. అక్కడ రాష్ట్రం 1953లో వచ్చింది, విశ్వవిద్యాలయం 1926లోనే వచ్చింది. అయినా బోధన ఇంగ్లీషులోనే. కళాశాలలకు తెలుగు పుస్తకాలు తయారుచేయడానికి తెలుగు అకాడమీ 1968లో గాని రాలేదు.

దీన్నిబట్టి తెలిసేది ఏమంటే, పైచదువులో ఒక భాష నిలవాలంటే పుస్తకం, చెప్పేవాళ్ళు, చదివాక పని, ఈ మూడూ కావాలి. హైదరాబాదులో మూడూ ఉన్నాయి, జనం భాష కాదు. ఆంధ్రలో జనం భాష ఉంది, పుస్తకం ఆలస్యమైంది.

మరి మన సంగతి? తమిళనాట 2006 చట్టంతో బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మంచిదే, అది మా వీధి భాష, అన్నం పెట్టే భాష. కానీ తెలుగు మాట్లాడే పిల్ల తెలుగు అక్షరం చూడకుండానే పది దాటిపోవచ్చు. తెలుగు శాఖ ఉన్న కాలేజీలో పార్ట్ వన్ కింద తెలుగు తీసుకునే వీలుంది. మనకంటూ మిగిలిన తలుపు అదే. ఎవరూ తీసుకోకపోతే చెప్పేవాళ్ళ అవసరం ఉండదు, ఆ తలుపూ మూసుకుంటుంది.

వచ్చే ఏడు చేరే చెల్లెళ్ళకు ఒక్క మాట: ఫారం నింపేముందు ఇంట్లో అవ్వతో ఏ భాషలో మాట్లాడతారో ఒకసారి తలుచుకోండి.